గిన్నె మీద పేరు

ఈ కథ అట్లాంటా పక్కన మా కమ్మింగ్‌లో తెలుగువాళ్లకి చాలామందికి నా నోటి వెంటే తెలుసు. సఫారీ లాడ్జ్‌కి వెళ్లి, అక్కడి ఆవుకి అన్నం తినిపించి, దాని ప్రాణం మీదికి తెచ్చిన అత్తగారి కథ. పుట్టినరోజు పార్టీల్లో, వినాయక చవితి భోజనాల దగ్గర, పిల్లల్ని డాన్స్ క్లాసులో దింపి కార్ పార్కింగ్‌లో నిలబడ్డప్పుడు నేనే చెప్పాను. ఎక్కడ ఆగితే నవ్వుతారో, ఏ మాట ఆవిడ గొంతుతో అంటే ఇంకాస్త నవ్వుతారో చెప్పగా చెప్పగా నాకు పట్టుబడిపోయింది. మన సంఘం పత్రికలో నాలుగు పేజీలు ఖాళీ ఉన్నాయి, ఏదైనా సరదాగా రాయమని అడిగారు. సరదా సంగతి కాదు గానీ, ఆ కథ అసలు ఎలా జరిగిందో రాస్తాను.

మా అత్తగారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మామగారు పోయిన తరవాత మా దగ్గరికి మొదటిసారి వచ్చిన వేసవి అది. మా అమ్మాయి అప్పుడు ఐదో తరగతి. రోజూ మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర మనవరాలికి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. ఆదివారం తెలుగు బడిలో ఏడాదికి రాని గుణింతాలు ఆవిడ దగ్గర నెలకి వచ్చేశాయి.

ఎక్కడికి తీసుకెళ్లమంటారని అడిగితే ఆవిడ ముందు ఎక్కడికీ వద్దన్నారు. మా అమ్మాయి పట్టుబట్టి అడిగాక, జిరాఫీని చూడాలని ఉందన్నారు. ముప్పై ఏళ్లు ఒకటో తరగతి గోడ మీద జంతువుల చార్టు వేలాడదీసి, బెత్తంతో చూపించి పేరు చెప్పించారట. ఒకసారి పిల్లల్ని బస్సులో జూకి తీసుకెళ్తే, ఆ రోజే జిరాఫీకి ఒంట్లో బాగాలేదని దాని ఆవరణ మూసేశారట. "చార్టులో చూసిందే, అంతకంటే నాకూ తెలీదు. పిల్లలకి మాత్రం చూసినట్టే చెప్పేదాన్ని," అని నవ్వారు.

అట్లాంటా జూకి తీసుకెళ్తే సరిపోయేది. నేను అప్పుడే డైరెక్టర్‌ని అయ్యాను. అందరూ వెళ్లే బీచ్ ఇళ్లకీ కొండల మీది క్యాబిన్లకీ కాకుండా, ఎవరూ వెళ్లని చోటికి వెళ్లి ఫోటోలు గ్రూపులో పెట్టాలని నాకుంది. జార్జియా దక్షిణాన పైన్ చెట్ల మధ్య ఒక పెద్దాయన వేల ఎకరాలు కొని, ఆఫ్రికా జంతువుల్ని తెచ్చి పెంచుతున్నాడని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. అందులో ఉండడానికి పది టెంట్లున్నాయి. టెంట్ అని పేరే గానీ లోపల చెక్క ఫ్లోరింగు, ఏసీ, రాగి స్నానాల తొట్టి, మంచానికి తెల్లటి దోమతెర. మా అత్తగారు ఆ తొట్టిని వేలితో తట్టి చూసి, ఇంత రాగి ఎండలో పెట్టి చింతపండుతో తోమాలంటే ఎవరి తరమని మా ఆవిణ్ణి అడిగారు.

తిండి అంతా లాడ్జ్ వాళ్లదే. అయినా రైస్ కుక్కర్ కార్ ట్రంక్‌లో దుప్పటి కింద మాతో వచ్చింది. మనవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వెజిటేరియన్ అంటే పుట్టగొడుగులు పెడతారేమోనని ఆవిడ పులిహోర కలిపి తెచ్చారు. పెరుగన్నానికని మర్నాటికి సరిపడా అన్నం వండి పెద్ద స్టీలు గిన్నెలో సర్దారు. ఆవిడ గిన్నెలన్నిటి మీదా పేరుంటుంది. శుభకార్యాలకి ఇంటింటి గిన్నెలూ కలిసిపోయే రోజుల్లో, స్టీలు సామాన్ల కొట్లో చిన్న మిషన్‌తో చుక్కలు చుక్కలుగా చెక్కించుకున్న పేరు. సూట్‌కేసులో బరువెందుకని మా ఆవిడ ఎంత చెప్పినా ఆ గిన్నె ఇండియా నుంచి వచ్చింది.

మేం చేరిన సాయంత్రమే పైకప్పు లేని పెద్ద జీపులో తిప్పారు. జీబ్రాలు, జింకలు, దూరంగా బురదలో ఒక ఖడ్గమృగం. జిరాఫీలు రిజర్వ్‌లో అటు చివర ఉన్నాయనీ, మర్నాడు ఉదయం జీపు అక్కడికే వెళ్తుందనీ, ఎత్తుగా కట్టిన మంచె ఎక్కి మన చేత్తో ఆకులు తినిపించొచ్చనీ గైడ్ చెప్పాడు. ఆ యాస అందక మా అమ్మాయి తెలుగులో చెప్తే ఆవిడ మళ్లీ చెప్పించుకున్నారు. "చేత్తోనేనా? నా చేత్తోనేనా?" అని అడిగారు.

టెంట్‌కి తిరిగొస్తుంటే దారి పక్కన చిన్న కంచెలో ఒక ఆవు ఒంటరిగా ఉంది. ఆఫ్రికా జాతి ఆవు. ఎర్రటి ఒళ్లు, మనిషి చేతులు చాచినంత కొమ్ములు. అంత పెద్ద కొమ్ములున్నా చూపు మాత్రం మన ఆవు చూపే. మా అత్తగారు నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. మా అమ్మాయి నిమరబోతూ చెయ్యి లోపలికి పెడితే ఆవిడ వెనక్కి లాగారు. "వద్దమ్మా, రాసుంది కదా," అన్నారు. నేను పక్కనే ఉండి ఆవు కొమ్ములు ఫ్రేములో పట్టక ఫోన్ అడ్డంగా తిప్పుతున్నాను. ఆ మాట అప్పుడు విన్నాను, విని మర్చిపోయాను. మర్చిపోయానని చాలాకాలం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే మా అన్నయ్య ఫోటో పంపించాడు. విస్తరి, నల్లనువ్వులు, దర్భలు. ఆ రోజు మా నాన్నగారి తద్దినం. అన్నయ్యే పెడతాడు, నేను ఇక్కడ తలస్నానం చేసి, గుడికి వెళ్లి స్వయంపాకం ఇచ్చి, ఒంటిపూట ఉంటాను. ఏటా అన్నయ్య ముందే తిథి చెప్తాడు. ఆ ఏడు కూడా చెప్పాడు. నేను ఆ రోజుకి సఫారీ బుక్ చేశాను. ఫోటో కింద ఒకే వాక్యం ఉంది: "నీ తరఫున కూడా నేనే దణ్ణం పెట్టేశాన్రా."

ఆ వాక్యం నన్ను పొడిచింది. లేచి ఆ రాగి తొట్టిలో తలస్నానం చేశాను. షార్ట్స్ మీద లాడ్జ్ వాళ్ల తెల్ల టవల్ చుట్టుకున్నాను. ఆవు ఎదురుగా ఉంది, అన్నం గిన్నెలో ఉంది. ఇక్కడికొచ్చిన పదిహేనేళ్లలో గోగ్రాసం పెట్టే అవకాశం నాకెప్పుడూ రాలేదు, నాన్నగారే దారి చూపించారనిపించింది. గిన్నెలో అన్నానికి అత్తగారి బెల్లం పొట్లం కలిపి, లాడ్జ్ వాళ్లు బుట్టలో పెట్టిన అరటిపళ్లన్నీ పైన వేసుకుని వెళ్లాను.

కంచెకి బోర్డు ఉంది. ఈ జంతువు వైద్యంలో ఉంది, ఏమీ పెట్టకండి అని పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది. నేను చదివాను. చదవలేదని ఇప్పుడు కూడా అనను. అది చిప్స్ పెట్టేవాళ్ల కోసం అనుకున్నాను. ఆవుకి అన్నం పెట్టడం మనకి తెలిసినట్టు వీళ్లకేం తెలుసనుకున్నాను. ఒక ముద్ద పెడితే చాలు. అది గరుకు నాలుకతో అరచెయ్యి నాకేసరికి ఇంకో ముద్ద పెట్టాను, ఆపైన గిన్నే కంచె కింద నుంచి లోపలికి తోశాను. అది తింటున్నంతసేపూ మా నాన్న తింటున్నట్టే ఉంది. కళ్లు తుడుచుకుని, దణ్ణం పెట్టి, గిన్నె సంగతి మర్చిపోయి తేలిక మనసుతో వచ్చేశాను.

బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ దగ్గర ఉండగా లాడ్జ్ మేనేజర్ వచ్చింది. నడివయసావిడ, చేతిలో మా గిన్నె. ఆవు కడుపు ఉబ్బి కింద పడిపోయిందనీ, డాక్టర్ బయల్దేరాడనీ, అది అసలే పొట్ట జబ్బుతో పథ్యం మీద ఉందనీ చెప్పింది. ఏం తిన్నదో, ఎంత తిన్నదో తెలిస్తే డాక్టర్‌కి సాయంగా ఉంటుంది, ఈ గిన్నె మీలో ఎవరిదైనా అవునా అని అడిగింది. గొంతులో కోపం కూడా లేదు.

మా అమ్మాయి గిన్నె అందుకుని తిప్పి చూసింది. చుక్కల అక్షరాలు. ఒక్కొక్కటే కూడబలుక్కుని, ఒత్తు దగ్గర ఆగి, పేరంతా పైకి చదివింది.

"అమ్మమ్మా, నీ పేరు! నేనే చదివేశాను," అంది.

"శభాష్," అని ఆవిడ దాని తల నిమిరారు. తరవాత గిన్నె వైపు చూశారు, మేనేజర్ ముఖం చూశారు, నా వైపు చూశారు.

నేను నోరు తెరవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ మాట అనడానికి నేను ఆలోచించను కూడా లేదు. అందుకే ఇప్పటికీ భయం వేస్తుంది.

"ఆవిడ మా అత్తగారు," అన్నాను ఇంగ్లీషులో. "పెద్దావిడ. మా దేశంలో ఆవుకి అన్నం పెట్టడం ఆచారం. బోర్డు ఉంది కానీ, ఆవిడకి ఇంగ్లీష్ చదవడం రాదు."

ఏం పెట్టి ఉంటారో నేనే ఊహించి చెప్పినట్టు చెప్పాను: వండిన అన్నం, బెల్లం, అరటిపళ్లు. ఆవుకి కావలసిన నిజం మాత్రం చెప్పాను, మిగిలింది మింగేశాను. మా ఆవిడ టేబుల్ కింద నా చెయ్యి నొక్కింది. తన తల్లి తొందరపడి చేసిన పనిని నేను మర్యాదగా కప్పుతున్నాననుకుంది. "మంచి మాట అడ్డం వేశారు," అని తరవాత కార్‌లో అంది కూడా.

మేనేజర్ చాలా మృదువుగానే చెప్పింది. జంతువుకి తిండి పెట్టిన అతిథిని జీపు ఎక్కించకూడదనేది వాళ్ల నియమం, క్షమించాలి, పెద్దావిడ వరండాలో విశ్రాంతి తీసుకోవచ్చు, టీ పంపిస్తాం. మా అమ్మాయి ఆ ముక్క తెలుగులో చెప్పడానికి మాటలు వెతుక్కుంది. చెప్పి, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, ఇక్కడి స్కూళ్లలో చిన్నపిల్లలకి చెప్పినట్టు, "యానిమల్స్‌కి అలా ఫుడ్ పెట్టకూడదు అమ్మమ్మా, ఓకేనా?" అంది.

ఆవిడ ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

"సరేనమ్మా. పొరపాటైపోయింది. మీరు వెళ్లి రండి," అన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు. కావాలంటే నేనూ ఆగిపోతాను, మీ అమ్మకి తోడుంటానని మా ఆవిడతో అనొచ్చు. నేను వెళ్లాను. మంచె ఎక్కి, జిరాఫీకి ఆకులు పెట్టాను. అది నల్లటి నాలుక చాచి నా చేతిలోంచి ఆకు లాక్కుంటుంటే నేను పగలబడి నవ్వుతున్న ఫోటో మా అమ్మాయి తీసింది. బాగా వచ్చిందని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం.

తిరిగొచ్చేసరికి ఆవిడ గిన్నె తోమి తుడిచి సూట్‌కేసులో పెట్టేశారు. జిరాఫీ ఎలా ఉందని అడగలేదు. "ఆవు లేచిందా?" అని అడిగారు. గొంతులోంచి గొట్టం వేసి గ్యాస్ తీశారనీ, లేచి నిలబడిందనీ మా అమ్మాయి చెప్పాక మంచినీళ్లు తాగారు.

కథ ఆ వారంలోనే బయటికొచ్చింది. ముందు మా అమ్మాయి ఎవరికో అమాయకంగా చెప్పింది, అడిగినవాళ్లకి నేను అవునన్నాను, తరవాత నేనే అందుకున్నాను. "అత్తగారిని న్యూయార్క్ మాత్రం తీసుకెళ్లకండి బాబూ, అక్కడ వాల్ స్ట్రీట్‌లో కంచు ఎద్దు బొమ్మకి కూడా విస్తరి వేసేస్తారు," అని ఒకాయన అంటే అందరికంటే నేనే గట్టిగా నవ్వాను. ఆవిడ అదే ఇంట్లో, పక్క గదిలో ఆడవాళ్లతో కూర్చుని ఉన్నారు. తలుపు తీసే ఉంది.

ఆరు నెలలు ఉండడానికి వచ్చినావిడ ముందే వెళ్లిపోయారు. మళ్లీ రమ్మంటే మోకాళ్ల నొప్పులన్నారు. ప్రతి ఏడూ అదే మాట. మోకాళ్ల నొప్పులు నిజమే అయి ఉండొచ్చని నాకు నేను చెప్పుకున్నాను.

మొన్న వేసవిలో మా అమ్మాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీ చేశాం. మీలో చాలామంది వచ్చారు. తను మైక్ తీసుకుని స్లైడ్లు చూపించింది. అత్తగారు వీడియో కాల్‌లో ఉన్నారు. మా ఆవిడ ఫోన్ ఎత్తి పట్టుకుంది. ఒక స్లైడ్ మీద ఆ స్టీలు గిన్నె ఫోటో వచ్చింది, ఇండియా వెళ్లినప్పుడు తీసుకున్నదట. అది చూసి హాల్లో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. కథ అందరికీ తెలుసుగా. మా అమ్మాయి నవ్వులు ఆగేదాకా ఉండి అంది, తన అమెరికన్ తెలుగులో:

"మా అమ్మమ్మకి ఇంగ్లీష్ చదవడం రాదు. బట్ నాకు తెలుగు చదవడం నేర్పింది తనే. ఐ యామ్ సో ప్రౌడ్ ఆఫ్ యూ, అమ్మమ్మా."

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఫోన్‌లో ఆవిడ కూడా చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్లు బోర్డు మీద ఏబీసీడీలు రాయించిన మనిషి, తనకి చదవడం రాదన్నందుకు మనవరాలికి చప్పట్లు కొట్టారు. నేను నాటిన అబద్ధం పిల్ల మనసులో పెరిగి ప్రేమగా బయటికొచ్చింది. ఎవరైనా ఎగతాళి చేసి ఉంటే ఎప్పటిలా నవ్వేసేవాణ్ణి. ప్రేమకి ఏం చెయ్యాలో తెలియలేదు.

హాల్లో చెప్పలేకపోయాను. మర్నాడు నేనూ మా అమ్మాయీ కిచెన్‌లో కేటరింగ్ ట్రేలు కడుగుతున్నప్పుడు చెప్పాను. తను కుళాయి కట్టేసి విన్నది. అరవలేదు, ఏడవలేదు.

"అమ్మమ్మకి తెలుసా, అది నువ్వని?"

"తెలుసనుకుంటా."

"అయితే నేను తనకి లెక్చర్ ఇచ్చాను. ఓకేనా అని అడిగాను." హాల్ వైపు చూసి అంది, "అండ్ యూ హ్యావ్ దట్ పిక్చర్ ఆన్ ద వాల్."

తడి చేతులతోనే ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టి కాల్ చేసింది. ఇండియాలో అప్పుడు రాత్రి భోజనాల వేళ.

"అమ్మమ్మా, నీకు ఇంగ్లీష్ చదవడం వచ్చా?"

అవతల ఆవిడ టీవీ కట్టేశారు.

"ఎవరు చెప్పారమ్మా?"

"డాడీ."

"వచ్చమ్మా. ఆ బోర్డు ముందురోజే చదివాను. నువ్వు చెయ్యి పెట్టబోతే లాగలేదూ?"

మా అమ్మాయి ముఖం చూస్తే తనకి ఆ సాయంత్రం గుర్తొచ్చిందని తెలిసింది. ఫోన్ నా వైపు జరిపింది. ఏం మాట్లాడాలో రాత్రంతా అనుకున్న వాక్యాలేవీ రాలేదు. తప్పైపోయింది అత్తయ్యగారూ అని మాత్రం అన్నాను.

"పిల్లకి ఇప్పుడెందుకు చెప్పారు బాబూ," అన్నారు ఆవిడ. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. తరవాత ఆవిడే చెప్పారు. "మీరు తలస్నానం చేసి గిన్నె పట్టుకుని వెళ్తుంటే చూశాను. నాన్నగారి తిథని మీ ముఖం చూస్తేనే అర్థమైంది. బోర్డు సంగతి చెబుదామని గుమ్మం దాకా వచ్చాను. పితృకార్యానికి వెళ్తున్న మనిషిని వెనకనుంచి ఎలా పిలుస్తాను? ఊరుకున్నాను. ఆవు పడిపోయిందనగానే, పిలవకపోవడం నాదే తప్పనుకున్నాను. అందుకే పొరపాటైందన్నాను. ఆ మాట అబద్ధం కాదు."

ఇన్నేళ్లూ ఆవిడ నా తప్పు మోస్తున్నారనుకున్నాను. ఆవిడ తన తప్పనుకున్నది కూడా మోస్తున్నారు. ఒక్క ముక్క నేను నిజం చెప్పి ఉంటే అది అక్కడే, ఆ టేబుల్ దగ్గరే దిగిపోయేది.

"నేను పెట్టానని చెప్పినా బాధ లేదు బాబూ," అన్నారు మళ్లీ ఆవిడే. "చదవడం రాదన్నారు చూడండి. పిల్ల ఎదురుగా."

ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పమన్నాను. ఈసారి ఆవిడ వెంటనే జవాబిచ్చారు. "ఎవరెవరికి చెప్పారో వాళ్లందరికీ చెప్పండి. ఆవు సంగతి వదిలెయ్యండి. నాకు చదవడం వచ్చని చెప్పండి."

మా అమ్మాయి ఈ డిసెంబర్ సెలవుల్లో ఇండియా వెళ్తోంది, అమ్మమ్మని తీసుకెళ్లడానికి జిరాఫీ ఉన్న జూ వెతికి పెట్టుకుంది. నన్ను రమ్మనలేదు. మోకాళ్ల నొప్పులు, చూద్దాంలే అని ఆవిడ అన్నారట. మా ఆవిడ నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. హాల్లో గోడ మీది ఫోటో ఎవరు తీసేశారో తెలీదు, నేను అడగలేదు.

ఆవు సంగతి వదిలెయ్యమన్నారు ఆవిడ. వదలలేదు, క్షమించాలి. అది లేకుండా మిగతాది చెప్పడం నాకు చేతకాలేదు. నా దగ్గర ఆ కథ విని నవ్విన వాళ్లందరికీ చెప్తున్నాను: మా అత్తగారికి ఇంగ్లీష్ చదవడం వచ్చు. ఆ బోర్డు నాకంటే ముందురోజే చదివారు. మర్నాడు నేనూ చదివాను. చదివి, అన్నం పెట్టింది నేను.